అమరావతి శిల్పములను తీరికగా చూచుట



సింగరాయకొండ నరసింహస్వామి తిరునాళ్లకు పోయినవారికి నేడు చెప్పబోవు సంగతి సులభముగా బోధపడును. ఉత్సవదినమున స్వామిని కన్నులార చూచితిమని చెప్పగలవారు అరుదు. వెనుకవారు త్రోయుదురు, ముందువారు అడ్డుపడుదురు, హారతి వెలుగున మూర్తి క్షణకాలము మెఱసి మఱుగగును. ఉత్సవమునకు ఆ సందడియే శోభ. కాని స్వామి ముఖమును నిదానముగా చూడగోరువాడు మామూలు దినమున ప్రొద్దుటిపూట కొండ యెక్కును. మ్యూజియముల విషయమును ఇంతియే.

మన స్టేషనులో రైలెక్కినవారు ఒక పూటలో చెన్నపట్టణము చేరుదురు. అచ్చట ఎగ్మూరులో ప్రభుత్వ మ్యూజియము కలదు. అది 1851లో స్థాపింపబడి, 1854లో ఎగ్మూరునకు మార్చబడినది. పూర్వము పట్టణవాసులు దానిని చచ్చిన కాలేజీ యనియు, జంతుప్రదర్శనశాలను బ్రతికిన కాలేజీ యనియు వేడుకగా పిలిచెడివారు. సెలవుదినపు గుంపులో గదివెంట గది పరుగిడి బయటపడువానికి అది నిజముగా చచ్చిన కాలేజీయే.

కాని అందులో మన సొత్తున్నది. కృష్ణాతీరమున అమరావతి మహాచైత్యమునకు మన పూర్వులు చెక్కిన ఫలకములు అచ్చట నున్నవి. అవి పలనాటి సున్నపురాతి పలకలు; వానిలో పెక్కింటికి సుమారు 1800 ఏండ్ల వయస్సు. 1797లో మెకంజీ దొర అమరావతికి వచ్చునప్పటికి, వాసిరెడ్డి వేంకటాద్రినాయుని నూతన పట్టణ నిర్మాణమునకై ఆ దిబ్బనుండి రాళ్లు తీయుచుండిరి. కొన్ని శిల్పములు గోడలలో చేరినవి. కొన్ని కాలి సున్నమైనవి. 1845లో ఎలియట్ దొర త్రవ్వించి పట్టణమునకు పంపినవానిలో పెక్కు 1859లో లండనుకు ఓడ యెక్కినవి. తరువాతి త్రవ్వకములలో దొరకినవి పెక్కు చెన్నపట్టణముననే నిలిచినవి. రాళ్లను కాల్చినవారు దుర్మార్గులు కారు. వారి కంటికి రాయి తోచెను, బొమ్మ తోచలేదు, అంతే. గుంపులో పరుగిడునప్పుడు మన కంటికిని రాయియే తోచును.

అచ్చట నళగిరి ఫలకము కలదు. గుండ్రని యొక చట్రములో కథ యంతయు నిమిడినది. ఒకవైపు మదించిన యేనుగు రాజవీథిలో జనులను త్రొక్కుచున్నది. మేడగవాక్షములనుండి స్త్రీలు తొంగిచూచుచున్నారు. రెండవవైపు ఆ యేనుగే బుద్ధదేవుని పాదములకడ మోకరిల్లినది. ఏనుగు లిద్దఱు కారు, ఒక్కటే యని గ్రహించుటకు కొంతసేపు నిలువవలెను. ఆ గ్రహింపు కలిగినప్పుడే రాతిలో కాలము నడచును.

కావున పోవువారు ఈ మాటలు గుర్తుంచుకొనుడు. శుక్రవారము మ్యూజియమునకు సెలవు. ఆదివారమును, పండుగలను మానుడు. ముఖ్యముగా ముక్కనుమనాడు తమిళులు కుటుంబములతో వేడుకలు చూడ బయలుదేరుదురు, ఆనాడు పోవలదు. మామూలు దినమున తలుపులు తెఱచు వేళకే చేరుడు. ముందుగా అమరావతి శిల్పముల గది యెచ్చటనో అడిగి, కాళ్లు అలయకముందే అచ్చటికి పొండు. అన్నియు చూడ నాశపడక మూడు ఫలకములను మాత్రము ఎంచుకొనుడు. ఎదుట నిలిచి చూచి, ప్రక్కకు జరిగి మరల చూడుడు. ప్రక్కనుండి పడు వెలుగులో ఉలిగీతలు తేటపడును. చేతితో తాకకుడు.

వీలైనచో మనుమనినో మనుమరాలినో వెంటగొనిపొండు. మీకు చూపు మందగించినను కథ తెలియును. పసివారికి కథ తెలియకున్నను చూపు కలదు. మీరు కథ చెప్పుడు, వారిని బొమ్మ చూపుమనుడు. అట్లు చూచిన బిడ్డ రేపు తన యూరి పొలములో చెక్కిన రాయి బయటపడినచో దానిని పునాదిలో వేయనీయడు.