పక్షులతో మాట్లాడిన పెద్దావిడ

2010 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్‌లో బోవా సీనియర్ కన్నుమూశారు. వయసు సుమారు 85. 'బో' భాష మాట్లాడే చివరి మనిషి ఆవిడే. భర్త ముందే పోయారు, పిల్లలు లేరు. అండమాన్ దీవుల ఆదివాసులైన గ్రేట్ అండమానీలలో అందరికంటే పెద్దావిడ. 1858లో బ్రిటిష్‌వాళ్లు స్థిరపడేనాటికి వేలల్లో ఉన్న ఆ జనం, ముఖ్యంగా రోగాల వల్ల, 1961 జనాభా లెక్కలనాటికి 19 మందే మిగిలారు.

తల్లిదండ్రులు పోయాక ఆవిడకు బో భాషలో బదులు పలికేవాళ్లు ఏళ్లతరబడి లేరు. మనుషులతో హిందీ, పక్షులతో సొంత మాట. పక్షులు తమ పూర్వీకులని వాళ్ల నమ్మకం. అంటే ఆవిడ పలకరించింది అయినవాళ్లనే!

భాషావేత్త అన్వితా అబ్బి ఆవిడ మాటలు, పాటలు రికార్డు చేశారు. 2004 సునామీ ముచ్చటా చెప్పారావిడ: భూకంపం వచ్చినప్పుడు పరుగెత్తొద్దు, కదలొద్దు అన్నారట పెద్దలు.