మార్ట్‌గేజ్‌కి ఎక్స్‌ట్రా కడుతున్నారా? ముందు ఈ లెక్క చూడండి!

ఈరోజు వీడియో యూకేలో ఇల్లు కొనుక్కున్న, లేదా కొనబోతున్న మన తెలుగువాళ్ల కోసం. చేతిలో నాలుగు డబ్బులు పడగానే మార్ట్‌గేజ్‌కి కట్టేద్దాం అనుకుంటున్నారా? మంచిదే, కట్టండి. కానీ ఎంత కడుతున్నాం, ఏ తేదీన కడుతున్నాం అన్నది చూసుకోకపోతే జేబుకి చిల్లే. నాకు పడింది, 480 పౌండ్లు. ఎలాగో చెప్తా.

నాది ఐదేళ్ల ఫిక్స్‌డ్ డీల్. వడ్డీ 4.5 శాతం. రెండో ఏడాది డిసెంబర్ మొదట్లో బోనస్, షేర్లు అమ్మిన డబ్బు కలిపి 32 వేల పౌండ్లు చేతికొచ్చాయి. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న ఒకటే మాట: "ముందు అప్పు తీర్చెయ్ రా." ఆయన చెప్పిందాంట్లో తప్పేం లేదు. ఇండియాలో ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్ ముందే తీర్చేస్తే బ్యాంకులు పెనాల్టీ వేయకూడదని ఆర్‌బీఐ 2012లోనే చెప్పేసింది. అక్కడ చాలామంది లోన్లు ఫ్లోటింగే. అందుకే డబ్బొస్తే లోన్‌లో వేసెయ్యడం మనకి అలవాటు.

నేనూ అదే అలవాటుతో యాప్ తెరిచి 32 వేలూ ఒకేసారి కొట్టేశా. మధ్యలో ఏదో వార్నింగ్ వచ్చింది. చదవకుండా ఓకే నొక్కా. సాఫ్ట్‌వేర్ వాళ్లం కదా, చదవకుండా ఓకే నొక్కడంలో మనల్ని మించినవాళ్లు లేరు!

ఇప్పుడు లెక్క చూడండి. యూకేలో చాలా ఫిక్స్‌డ్ డీల్స్‌లో ఏడాదికి బ్యాలెన్స్‌లో 10 శాతం దాకా ఎక్స్‌ట్రా కట్టుకోవచ్చు, ఛార్జ్ ఉండదు. జనవరి 1న నా బ్యాలెన్స్ 2 లక్షల పౌండ్లు. అంటే 20 వేలు ఫ్రీ. నేను కట్టింది 32 వేలు. పైన ఉన్న 12 వేల మీద ఎర్లీ రీపేమెంట్ ఛార్జ్ పడింది. నా డీల్‌లో అది మొదటి ఏడాది 5 శాతం, రెండో ఏడాది 4, అలా తగ్గుతూ చివరి ఏడాది 1. పన్నెండు వేలకి 4 శాతం, 480 పౌండ్లు.

అసలు బాధ అది కాదు. మా బ్యాంకులో ఆ 10 శాతం లిమిట్ జనవరి 1న మళ్లీ మొదలవుతుంది. డిసెంబర్‌లో 20 వేలు, జనవరిలో 12 వేలు కట్టుంటే ఛార్జ్ సున్నా. ఆ నెల రోజులు ఆగినందుకు నాకు అయ్యే వడ్డీ ఎంత? పన్నెండు వేల మీద 45 పౌండ్లు. 45 మిగుల్చుకుందామని 480 కట్టా.

"మన అప్పు మనం తీరుస్తుంటే వీళ్లకేంటి నొప్పి?" అనిపిస్తుంది కదా. ఐదేళ్లు మనకి రేటు మారదని మాటిచ్చి, దానికి తగ్గట్టు బ్యాంకు కూడా డబ్బు సర్దుకుని పెట్టుకుంటుంది. మనం మధ్యలో తీర్చేస్తే ఆ నష్టం మన మీద వేస్తుంది. అలాగని ఇష్టమొచ్చినంత వేయడానికి లేదు. ముందే తీర్చడం వల్ల తనకయ్యే ఖర్చుకి సమంజసమైన అంచనాగా ఉండాలని అక్కడి రెగ్యులేటర్ ఎఫ్‌సీఏ రూల్ ఉంది.

మరి మీరేం చేయాలి? మీ మార్ట్‌గేజ్ ఆఫర్ పీడీఎఫ్ తెరిచి "ఎర్లీ రీపేమెంట్" అని సెర్చ్ కొట్టండి. మూడు విషయాలు చూడండి.

ఒకటి, 10 శాతం దేని మీద? జనవరి 1 బ్యాలెన్స్ మీదా, మొదట తీసుకున్న లోన్ మీదా, ఈరోజు బ్యాలెన్స్ మీదా? బ్యాంకుని బట్టి మారుతుంది.

రెండు, ఏడాది ఎప్పుడు మొదలు? కొందరికి జనవరి, కొందరికి డీల్ మొదలైన తేదీ. సాధారణంగా ఈ ఏడాది వాడుకోని లిమిట్ వచ్చే ఏడాదికి కలవదు.

మూడు, ఫిక్స్ ఏ తేదీతో అయిపోతుంది? మామూలుగా ఆ తేదీ దాటాక ఎంతైనా కట్టుకోవచ్చు. కానీ ఊరుకుంటే బ్యాంకు స్టాండర్డ్ వేరియబుల్ రేటుకి పడేస్తారు, అది సాధారణంగా ఎక్కువ. కొత్త డీల్ కొన్ని నెలల ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఇంకో జాగ్రత్త. ఫిక్స్ మధ్యలో ఇల్లు అమ్మినా, వేరే బ్యాంకుకి మారినా కూడా ఛార్జ్ ఉంటుంది. లక్షా 80 వేల మీద 3 శాతం అంటే 5,400 పౌండ్లు! ఇల్లు మారుతుంటే అదే మార్ట్‌గేజ్‌ని కొత్త ఇంటికి తీసుకెళ్లే "పోర్టింగ్" కుదురుతుందేమో ముందు అడగండి. ట్రాకర్ డీల్స్ చాలావాటికి ఈ ఛార్జ్ ఉండదు, అన్నిటికీ కాదు.

చివరిగా, ఎక్స్‌ట్రా కట్టాక నెలసరి తగ్గించాలా, ఏళ్లు తగ్గించాలా అన్నది బ్యాంకుకి మీరే చెప్పండి. లేకపోతే వాళ్ల పద్ధతిలో వాళ్లు చేసేస్తారు. కట్టిన డబ్బు మళ్లీ వెనక్కి తీసుకోవడం కష్టం, కాబట్టి ఉద్యోగం పోతే ఆరు నెలలు గడిచేంత సేవింగ్స్‌లో ఉంచుకుని మిగతాది కట్టండి.

ఈ మాట నాన్నకీ చెప్పా. ఆయన కాసేపు ఆగి, "తీర్చమన్నాను గానీ, కాగితం చదవకుండా తీర్చమన్నానా?" అన్నారు. అదీ పాయింటే!

మీ ఆఫర్‌లో ఏముందో ఈరోజే చూసి కామెంట్‌లో రాయండి. ఇల్లు కొనబోతున్న ఫ్రెండ్‌కి ఈ వీడియో పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి!