డ్యామ్ కట్టలేదు, బాడవ కొన్నారు: బోస్టన్ నుంచి కొల్లేరు దాకా

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. విజయవాడ సింగ్ నగర్ నుంచి మా పిన్ని ఫోన్. "ఒరేయ్, నీళ్లు గడప దాటేశాయిరా, మేడ మీదికి ఎక్కేశాం" అంది. సాయంత్రానికి ఛార్జింగ్ అయిపోయి ఫోన్ స్విచాఫ్. రెండో రోజు బోటు వచ్చి వాళ్లని తీసుకెళ్లింది. పిన్ని బోటెక్కడం జీవితంలో అదే మొదటిసారి.

అది బుడమేరు నీళ్లు. డైవర్షన్ ఛానల్ గట్టుకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. అదే టైంలో కృష్ణ కూడా ఫుల్లు, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇక బుడమేరు నీళ్లని కృష్ణలోకి తోసే ఛాన్స్ ఎక్కడుంది? అప్పట్నుంచి నాకు ఒకటే డౌట్. నీటికి గట్టు కట్టడమేనా, ఆగడానికి చోటు కూడా ఇవ్వొచ్చా? వెతుకుతుంటే అమెరికాలో ఒక కథ దొరికింది.

బోస్టన్ పక్కన చార్ల్స్ నది ఉంటుంది. హార్వర్డ్, ఎంఐటీ ఆ ఒడ్డునే. పొడవు సుమారు 80 మైళ్లు, అంతా వంకర్లే. 1955లో తుఫాను వరద, 1968లో మళ్లీ వరద. అక్కడి ఆర్మీ ఇంజినీర్లు లెక్కలు తీస్తే ఒక వింత కనపడింది. కింద సిటీలో పడిన వాన గంటల్లో నదిని నింపేస్తోంది. పైనుంచి రావాల్సిన వరద మాత్రం రోజుల తరబడి లేటుగా, మెల్లగా వస్తోంది. ఎందుకంటే పైన నది పొడవునా బాడవ నేలలున్నాయి. గడ్డి, తుంగ, బురద. నీళ్లు వాటిలోకి పరుచుకుని, తీరిగ్గా దిగుతున్నాయి.

మన కోడింగ్ భాషలో ఇది క్యూ అన్నమాట. ట్రాఫిక్ ఒక్కసారిగా పెరిగితే సర్వర్ పడిపోకుండా రిక్వెస్టుల్ని లైన్లో నిలబెడతాం కదా, అలాగే.

డ్యామ్ కడితే 10 కోట్ల డాలర్లు అవుతుందని అంచనా. దానికి బదులు ఉన్న బాడవల్నే కాపాడదామన్నారు. 1974లో అమెరికా కాంగ్రెస్ ఓకే చెప్పింది, 1983కల్లా పని పూర్తి. 17 చోట్ల, సుమారు 8,100 ఎకరాలు. ఖర్చు కోటి డాలర్ల దగ్గర్లోనే. ఇందులో నాకు బాగా నచ్చింది ఏంటంటే, మొత్తం భూమి లాక్కోలేదు. 3,200 ఎకరాలు పూర్తిగా కొన్నారు. మిగతాది ఓనర్ల చేతిలోనే ఉంది, కానీ పూడ్చకూడదు, బిల్డింగ్ కట్టకూడదు అనే హక్కుని డబ్బిచ్చి కొన్నారు. అలాగని బాడవలే అన్నీ చేసేస్తాయని కాదు. సిటీ చివర సముద్రం దగ్గర పంపులతో కొత్త డ్యామ్ కూడా కట్టారు.

ఇప్పుడు ఆ బాడవల్లో జనం చిన్న పడవలేసుకుని తిరుగుతారు, చేపలు పడతారు, నడుస్తారు, పిట్టల్ని చూస్తారు. వరద లేని రోజుల్లో అది వాళ్లకి పార్కు. ఆదివారం అక్కడ పడవ నడిపినోడు రేపు ఎవరో మట్టి లారీలు తెచ్చి పోస్తుంటే ఊరుకుంటాడా?

ఇక మన కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు అన్నీ చివరికి అందులోకే. అక్కణ్నుంచి ఉప్పుటేరు ద్వారా సముద్రంలోకి. ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు, 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ లిస్టులోకెక్కింది. చిన్న లెక్క చేద్దాం. అంత విస్తీర్ణంలో ఒక్క మీటరు నీళ్లు నిలిస్తే దాదాపు 11 టీఎంసీలు. ప్రకాశం బ్యారేజీ మొత్తం కెపాసిటీయే 3 టీఎంసీలు! గట్లు తెగడానికి కొల్లేరే కారణం అనట్లేదు నేను. కానీ ఆ నీళ్లన్నీ చేరాల్సిన గిన్నెలో మనం చేపల చెరువుల గట్లు పోసుకున్నాం.

తప్పంతా రైతులదే అనకండి ప్లీజ్. 1970ల్లో సొసైటీలు పెట్టించి చెరువులకి భూమి ఇచ్చింది ప్రభుత్వమే. ఐదో కాంటూరు లోపల జిరాయితీ భూములూ ఉన్నాయి. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు పేల్చేశారు, తర్వాత చాలా చోట్ల మళ్లీ లేచాయి. లేవవా మరి? పొట్ట గడవాలి కదా. బోస్టన్‌లో ముందు రేటు మాట్లాడుకున్నారు. మనం ముందు గీత గీసి, తర్వాత జేసీబీ పంపాం. నా ఉద్దేశంలో తేడా అక్కడే ఉంది.

పోయిన డిసెంబర్‌లో పిన్నిని కైకలూరు దగ్గర ఆటపాకకి తీసుకెళ్లా. "బోటా? నేను రాను నాయనా, నాకొద్దు" అని గట్టు మీదే అరగంట కూర్చుంది. చివరికి నా చెయ్యి పట్టుకుని ఎక్కింది. చుట్టూ గూడబాతులు, ఒక్కో చెట్టుకి పదుల కొద్దీ గూళ్లు. నేను వీడియో తీసుకుంటున్నా. పిన్ని మాత్రం నీళ్లలో వేలు పెట్టి బోటాయన్ని అడిగింది: "బాబూ, ఇవి మా బుడమేరు నీళ్లేనా?"

"అవి కూడా ఉంటాయమ్మా" అన్నాడాయన.

"మరి ఇంత నెమ్మదిగా ఉన్నాయేంటి ఇక్కడ!" అంది పిన్ని.

నెక్స్ట్ ఎపిసోడ్ ఉప్పుటేరు మీద. బై ఫ్రెండ్స్.