కొండవీటి విజయము – తరువాతి పాలనము

కోటను గెలుచుటయు, ఆ కోట నీడలో బ్రదుకు ప్రజలను గెలుచుటయు ఒకటి కావు. మొదటిదానికి సైన్యము చాలును. రెండవదానికి ఆ సైన్యమును అదుపులో నుంచు వివేకము కావలెను. ఈ భేదమును మన గుంటూరు సీమలోని కొండవీటి చరిత్రయందు చూడవచ్చును.

1514లో ఉదయగిరి లొంగెను. పిమ్మట అద్దంకి, వినుకొండ, బెల్లముకొండ మున్నగు దుర్గములు పడెను. 1515 జూన్ 23న కొండవీడు గజపతుల చేతినుండి శ్రీకృష్ణదేవరాయలకు వశమయ్యెను. గజపతి కుమారుడు వీరభద్రుడు బందీ అయ్యెను. ఇంతవరకు బలముతోనే పని జరిగినది.

అటుపై నేమి చేయవలెను? మన నల్లరేగడి నేలకు మిరప యింకను రాని కాలమది. జొన్నయు ప్రత్తియు పండించు రైతునకు రాజెవరన్న దానికంటె, పన్ను ఎవరికి కట్టవలెను, సంత సాగునా యన్నదే ముఖ్యము. రాయలు అమరావతిలో తులాపురుష దానము చేసి, కొండవీటి పాలనమును తిమ్మరుసున కప్పగించెను. ఆయన మేనల్లుండ్రు నాదెండ్ల అప్పన, గోపన అచట అధికారము నెరపిరి. నాదెండ్ల కొండవీటికి చేరువ గ్రామమే. దుర్గము రాయల చేతిలో నున్నను, నిత్య వ్యవహారము తెలుగు సీమ నెరిగినవారి చేతిమీదుగా నడచెను.

పగవారి అంతఃపుర స్త్రీలు చిక్కినచో పుట్టినింట నున్నట్లు చూడవలెనని ఆముక్తమాల్యదలో రాయలు రాజనీతి చెప్పెను. వీరభద్రుడు 1516లో కన్నడ సీమలో రాయల క్రింద అధికారియై యుండెనని శాసనము తెలుపుచున్నది. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ చెప్పిన కథ వేరు. రాజవంశీయుడు కాని వానితో కత్తిసాము చేయుమనగా, ఆ యవమానమునకు ఓర్వక రాకుమారుడు ప్రాణము తీసికొనెనట. ఆ కథ నిజమైనను కాకున్నను, ఓడినవానికి పదవి యిచ్చి మర్యాద తీసినచో ఆ పదవి నిష్ఫలమని మనము గ్రహింపవలెను.

తుదకు రాయలు కృష్ణకు ఉత్తరమున జయించిన భూములను గజపతికి మరల యిచ్చి, అతని కూతును పెండ్లియాడి సంధి చేసికొనెను. కొండవీటిని మాత్రము విడువలేదు.

1945లో జపానును ఆక్రమించిన అమెరికా వారును ఆ దేశపు సైన్యమును రద్దు చేసిరి గాని, చక్రవర్తిని తొలగింపలేదు. పాలనమును జపాను ఉద్యోగుల ద్వారానే నడిపి, 1952లో అధికారము విడిచిరి. దేనిని గట్టిగా పట్టవలెనో, దేనిని ముట్టరాదో తెలిసికొనుటయే జయించినవారికి అసలు పరీక్ష.