ముందు బెంచీ



ఇంజనీరు కదా, వంతెనల గురించో కంప్యూటర్ల గురించో చెబుతాడని మీరు అనుకొని ఉంటారు. నేను ఒక బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి గురించి చెప్పాలని వచ్చాను. మన బడిలో ఆ ఆట లేదు. డ్రిల్లు మాస్టారు మనకు నేర్పినవి కబడ్డీ, వాలీబాల్. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో ఉన్నప్పుడు, మా అమ్మాయి పట్టుబట్టి ఇండియానా ఫీవర్ జట్టు ఆటకు తీసుకెళ్లింది. అక్కడ 24 నంబరు చొక్కాలో టమికా క్యాచింగ్స్‌ను మొదటిసారి చూశాను.

ఆమెకు పుట్టుకతోనే రెండు చెవులూ సరిగా వినపడవు. చిన్నప్పుడు బడిలో పిల్లలు ఆమె చెవి మిషన్లను, మాట తీరును వెక్కిరించేవారు. ఒకరోజు విసిగిపోయి ఆ మిషన్లను తీసి పొలంలోకి విసిరేసింది. ఇంట్లోవాళ్లు మళ్లీ కొనలేదు. పెదాల కదలిక చూసి మాట పట్టుకోవడం నేర్చుకుంది. టెన్నెసీ విశ్వవిద్యాలయంలో చేరాక కోచ్ పాట్ సమ్మిట్ నచ్చజెప్పి మళ్లీ మిషన్లు పెట్టించింది. ఆమె చేరిన మొదటి ఏడాదే, 1998లో, ఆ జట్టు 39 ఆటలు ఆడి ముప్పై తొమ్మిదీ గెలిచింది.

2001లో ఫీవర్ జట్టు ఎంచుకునేనాటికి మోకాలి గాయం. ఆ ఏడాదంతా ఆడలేదు. 2002 నుంచి 2016 దాకా పదిహేను సీజన్లు అదే జట్టుకు ఆడింది. 2011లో లీగ్‌లో అత్యుత్తమ క్రీడాకారిణి అయింది. 2012లో జట్టుకు ఛాంపియన్‌షిప్ తెచ్చింది. ఒలింపిక్స్‌లో నాలుగు స్వర్ణాలు. ఎదుటివాళ్ల చేతిలోంచి బంతి లాక్కోవడాన్ని ఆ ఆటలో స్టీల్ అంటారు. ఆమె 1,074 స్టీల్స్ చేసింది. ఆట మానేసేనాటికి ఆ లీగ్‌లో అదే రికార్డు. చెవుల పని కళ్లతో చేసుకున్న మనిషికి, ఎదుటివాళ్లు ఎటు కదులుతారో ముందే తెలిసేదేమోనని నాకనిపిస్తుంది.

ఆ పొలం సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం ఈ బడిలోనే ఉంది.

ఎనిమిదో తరగతిలో మాతో ఒక అబ్బాయి ఉండేవాడు. చొక్కా జేబులో చిన్న పెట్టె, దాన్నుంచి చెవికి తీగ. పొడుగని వెనక బెంచీలో కూర్చోబెట్టేవారు. నేను అతని ముందు నిలబడి, శబ్దం రాకుండా పెదాలు మాత్రం కదిలించేవాణ్ణి. మిషన్ చెడిపోయిందేమోనని పాపం అతను దాని మీట తిప్పుకునేవాడు. మేమంతా నవ్వేవాళ్లం. కొన్నాళ్లకు మిషన్ లేకుండా రావడం మొదలుపెట్టాడు. సంక్రాంతి సెలవుల తరవాత అసలు రాలేదు. ఎందుకు రాలేదని మాలో ఒక్కరమూ అడగలేదు.

టమికాకు పాట్ సమ్మిట్ దొరికింది. మా క్లాస్‌మేట్‌కు నేను దొరికాను.

అందుకే మన సంఘానికి ఒక విన్నపం. ఏటా జూన్‌లో బడి తెరవగానే పిల్లలందరికీ చెవి పరీక్ష చేయిద్దాం. మొదటి ఐదేళ్ల ఖర్చు నాది. మిషన్ అవసరమైన పిల్లలకు కొనిచ్చి వదిలేయకుండా, బ్యాటరీలు, మరమ్మతులు కూడా మనమే చూద్దాం. అయ్యవార్లకు చెప్పేంతవాణ్ణి కాను గానీ, అలాంటి పిల్లలను ముందు బెంచీలో కూర్చోబెట్టండి. బోర్డు వైపు తిరిగి ఉన్నప్పుడు మాట్లాడకండి. పిల్లలూ, మీ పక్కన అలాంటి స్నేహితుడు ఉంటే, ముఖం కనబడేలా నిలబడి నిదానంగా మాట్లాడండి. అంతే చాలు.

ఆ అబ్బాయి ఈ సభలో లేడు. ఇప్పుడు నా వయసే ఉంటుంది. మీలో ఎవరికైనా జాడ తెలిస్తే నాకు చెప్పండి. ఫోన్‌లో కాదు, ఎదురుగా కూర్చుని, పెదాలు కనబడేలా, ఈసారి శబ్దంతో క్షమాపణ చెప్పుకోవాలి.

సెలవు.