దేహమూ ధనమూ – రెండూ అమానతులే

సకల స్తోత్రాలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి మెలగవలసిందిగా ముందుగా నాకు నేను, తరువాత మీకు ఉపదేశిస్తున్నాను.

తీర్పు దినాన దాసుడు కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పనిదే అతని పాదాలు కదలవని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ధనం ఎలా వచ్చింది, ఎక్కడ ఖర్చయింది అన్నది వాటిలో ఒకటి. శరీరాన్ని దేనికై వినియోగించావన్నది మరొకటి. ఇమాం తిర్మిజీ ఈ హదీసును ఉల్లేఖించారు. ఈ రెండు ప్రశ్నలూ వేర్వేరుగా తోచినా, మన ఇళ్లలో అవి ఒకచోటనే కలుస్తున్నాయి.

షుగరు వ్యాధి ఏళ్ల తరబడి నొప్పి లేకుండానే ఉంటుంది. పట్టించుకోకపోతే మూత్రపిండాలు చెడి డయాలసిస్ దాకా రావచ్చు. అది సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలు. చికిత్స ఉచితమే అయినా దారి ఖర్చు, తోడు వెళ్లేవారి కూలి నష్టం తప్పవు. మొదట ఇల్లాలి నగలు, తరువాత ఇంటి స్థలం, చివరకు వడ్డీ అప్పు! జీవితమంతా వడ్డీకి దూరంగా ఉన్న మనిషి ఆసుపత్రి బిల్లు కోసం వడ్డీ వ్యాపారి గుమ్మంలో నిలబడుతున్నాడు. ఆరోగ్యం పట్ల అశ్రద్ధ మనల్ని హరామ్ వాకిలి వరకు నడిపించగలదు.

“రాసి ఉన్నది జరగక మానదు, జాగ్రత్తలెందుకు?” అని కొందరంటారు. దీనికి హజ్రత్ ఉమర్ (రజి) ఏనాడో సమాధానమిచ్చారు. ఆయన సిరియాకు ప్రయాణమై ‘సర్గ్’ చేరేసరికి అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసింది. సహచరులతో సంప్రదించి వెనుదిరగ నిశ్చయించారు. దైవనిర్ణయం నుండి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ నిర్ణయం నుండి అల్లాహ్ నిర్ణయం వైపునకే వెళుతున్నామని ఆయన బదులిచ్చారు. లోయకు ఒక పక్క పచ్చిక, మరొక పక్క బీడు ఉంటే, కాపరి ఒంటెలను ఎటు మేపినా అది విధికి లోబడిందే గదా అని వివరించారు. పచ్చిక వైపు నడవడం కూడా తవక్కుల్‌లో భాగమే.

అయితే మనం చేయవలసిందేమిటి?

మొదటిది, పళ్లెం. దివ్య ఖుర్‌ఆన్ అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయతులో తిని త్రాగే అనుమతితో పాటే మితిమీరరాదన్న ఆజ్ఞ ఉంది. బిర్యానీ, డబుల్ కా మీఠా హలాలే. అతి మాత్రం తగదు. పగలంతా ఉపవాసముండి, ఇఫ్తార్‌లో నూనె వంటకాలతో కడుపు నింపితే రమజాన్ శిక్షణ వృథా కాదా? ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఊరగాయలు, అప్పడాలలోని ఉప్పు కూడా ఆ లెక్కలోనిదే.

రెండవది, పొగాకు. గుట్కా, జర్దా, సిగరెట్లకు రోజుకు 50 రూపాయలు పోతే ఏడాదికి 18,250 రూపాయలు. ఆ సొమ్ము బిడ్డ చదువుకో, పాత అప్పుకో, సదఖాకో చెందవలసింది.

మూడవది, నడక. వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలు. మస్జిదుకు నడిచి వచ్చే ప్రతి అడుగుకూ పుణ్యం కూడా ఉంది.

నాలుగవది, పరీక్ష. 30 ఏళ్లు దాటినవారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు ఉచితంగా చూపించుకోండి. మీ ఇల్లాలినీ, తల్లినీ వెంట తీసుకువెళ్లండి. ఇంటిల్లిపాదికీ వండిపెట్టే స్త్రీ తన నీరసాన్ని ఎవరికీ చెప్పుకోదు. అడగవలసిన బాధ్యత మనదే.

సోదరులారా! ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా వ్యాధి రావచ్చు. రోగిని నిందించకండి, పరామర్శించండి. సహనం వహించే విశ్వాసికి వ్యాధి పాపాల ప్రక్షాళన అవుతుంది. మందులు వాడేవారు వైద్యుని అడగకుండా వాటిని మానవద్దు.

ఓ అల్లాహ్! మా దేహాలకు స్వస్థతను, మా సంపాదనలో శుభాన్ని ప్రసాదించు. మమ్మల్ని రుణభారం నుండి, వడ్డీ నుండి కాపాడు. మా రోగులకు ఆరోగ్యాన్ని అనుగ్రహించు. ఆమీన్.