బొమ్మకు మాట తోడు

పోచంపల్లి చీరకు నేయకముందే నూలును ముడులు కట్టి రంగులద్దుదురు. అచ్చువేసిన నకిలీ బట్టకు ఆ శ్రమ లేదు. ఈ భేదమును దూరముననున్న కొనుగోలుదారునకు కన్నులకు కట్టినట్లు తెలుపగలది వీడియో. కాని అది గూగుల్ శోధనలో కనబడినగదా ఫలము!

శోధనయంత్రము బొమ్మను గ్రహించుటకు చెంతనున్న మాటలను కూడ ఆశ్రయించును. కనుక వెబ్‌సైటులోని ప్రతి చిత్రమునకు వర్ణనవాక్యమును, ప్రతి వీడియోకు శీర్షికను, మాటల లిఖిత పాఠమును జతపరుపవలెను. అవి చూపు, వినికిడి లేనివారికిని ఉపకరించును. బరువైన బొమ్మలు పుటను మందగింపజేయును, ముఖ్యాంశము 2.5 సెకనులలోపల కనబడవలెనని గూగుల్ సూచన.

అయినను పైస్థానము లభించినంతనే చీర అమ్ముడుపోదు. అంచు, కొంగు, వెల, వాపసు నియమము స్పష్టముగా నున్ననే చూపరి కొనువాడగును. అపుడే అసలు నేతకు తగిన వెల, నేతగానికి కూడు దక్కును.